బిడ్డ గ్రాఫీన్ మీద రిసెర్చ్ అంటోంది, పంపాలా?

ప్రశ్న: నాకు జమ్మికుంటలో ఇన్వర్టర్ బ్యాటరీల షాపు ఉంది. మా పెద్దబిడ్డ హన్మకొండలో బీఎస్సీ ఎంపీసీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ సెమినార్‌కు వచ్చిన ఒక ప్రొఫెసర్ గ్రాఫీన్, మాక్సీన్లనే కొత్త పదార్థాల గురించి చెప్పారట. అప్పటి నుంచి ఎమ్మెస్సీ చేసి అదే రిసెర్చ్ చేస్తానంటోంది. మా బామ్మర్ది ఎంసీఏ చేయించమంటున్నడు. ఇంట్లో ఆమె బీఎడ్ చేస్తే డీఎస్సీ రాయొచ్చు, పెండ్లి కూడా ఆలస్యం కాదంటోంది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ నానోటెక్నాలజీ కోర్సుకు నాలుగు లక్షలు అడుగుతోంది. షాపుకు వచ్చే ఏజెంట్ కూడా ఈ-బైకులకు 'గ్రాఫీన్ బ్యాటరీ' అని తెచ్చి చూపిస్తున్నడు. దీంట్లో నిజంగా భవిష్యత్తు ఉందా?

జవాబు: మంచి సంస్థలో ఎమ్మెస్సీ సీటు వస్తే నిశ్చింతగా పంపండి. ఆ నాలుగు లక్షల కోర్సుకు మాత్రం వద్దు. ఎందుకో చెప్పాలంటే మీ ఏజెంట్ తెచ్చిన బ్యాటరీ దగ్గరే మొదలుపెట్టాలి.

ఈ-బైకులకు 'గ్రాఫీన్' స్టిక్కర్ వేసి అమ్మే బ్యాటరీల్లో చాలామటుకు లెడ్ యాసిడ్‌వే. ఒకటి ఎత్తి చూడండి, బరువే చెబుతుంది. నెగెటివ్ ప్లేటులో కొద్దిగా కార్బనో గ్రాఫీనో కలుపుతారు. దానివల్ల లాభమే లేదనను. ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ పోవడం మీరు రోజూ చూసేదే, కార్బన్ కలిస్తే అది కొంత తగ్గుతుంది. అయితే కరెంటు నిల్వ చేసేది మాత్రం ఎప్పటిలాగే సీసం, యాసిడే. 'నానో' పేరు తగిలించుకున్న చాలా కోర్సుల్లోనూ పేరుకూ లోపలి సరుకుకూ ఇంతే తేడా ఉంటుంది.

మీ బిడ్డ విన్న సైన్స్ మాత్రం అసలైనదే. పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్ పొరలు పొరలుగా ఉంటుంది. అందులోంచి ఒక్క పరమాణువు మందం ఉన్న పొరను 2004లో మాంచెస్టర్ యూనివర్సిటీలో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ మామూలు అంటుకునే టేపుతో విడదీశారు. అదే గ్రాఫీన్. 2010లో వాళ్లకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. లెక్క ప్రకారం ఒక గ్రాము గ్రాఫీన్‌కు రెండువైపులా కలిపి 2630 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. మన లెక్కలో సుమారు 26 గుంటల భూమి! చాలా త్వరగా చార్జి అయ్యే సూపర్ కెపాసిటర్లలో చార్జి ఉపరితలం మీదే నిలుస్తుంది కాబట్టి అందరి ఆశా దాని మీద పడింది. కానీ ఆరబెట్టి ఎలక్ట్రోడ్ చేసేసరికి పొరలు మళ్లీ ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఆ 26 గుంటల్లో చాలా భాగం అయాన్లకు, అంటే చార్జి మోసే కణాలకు, అందకుండా పోతుంది. పొరలను విడివిడిగా నిలబెట్టడం ఎలాగన్నదే ఈ రంగంలో సగం పని.

మాక్సీన్లు 2011లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో బయటపడ్డాయి. టైటానియం, అల్యూమినియం, కార్బన్ పొరలుగా ఉండే పదార్థం నుంచి యాసిడ్‌తో అల్యూమినియం ఒక్కటే కరిగించి తీసేస్తే మిగిలే పలచని పొరలవి. కరెంటు లోహంలా పారుతుంది, పొరల మధ్యకు అయాన్లు త్వరగా వెళ్లి వస్తాయి. చిక్కల్లా ఏమిటంటే, గాలి తగిలే నీళ్లలో ఉంచితే అవి నెమ్మదిగా ఆక్సీకరణం చెందుతాయి. నల్లని ద్రావణం రోజులు గడిచేకొద్దీ తెల్లబారి టైటానియం డయాక్సైడ్ అయిపోతుంది. ల్యాబులో ఈ వారం చేసిన ఎలక్ట్రోడ్ వచ్చే నెలకు పనికిరాకపోతే ఫ్యాక్టరీ ఎట్లా నడుస్తుంది? మాక్సీన్ బ్యాటరీ ఇంకా మీ షాపు అరల్లోకి రాకపోవడానికి ఇదొక కారణం.

ఎలక్ట్రానిక్స్‌లో ఇంకో కథ. గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు బాగా పరుగెడతాయి, కానీ వాటిని ఆపగలిగే శక్తి అంతరం, అంటే బ్యాండ్ గ్యాప్, దానికి లేదు. అంటే స్విచ్ ఆన్ అవుతుంది, పూర్తిగా ఆఫ్ కాదు. ఆఫ్ కాని ట్రాన్సిస్టర్‌తో కంప్యూటర్ చిప్ చేయలేం. అందుకే చూపు మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ వంటి వాటి మీదికి మళ్లింది. మెకానిక్‌లు వాడే మోలీ గ్రీజులో ఉండేది ఇదే. దీని ఒంటి పొరకు సుమారు 1.8 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్ ఉంది, 2011లో స్విట్జర్లాండ్‌లో దానితో ట్రాన్సిస్టర్ చేసి చూపించారు. పెద్ద చిప్ కంపెనీలు దీని మీద రిసెర్చ్ చేస్తున్నాయి. చిప్‌లు చేసే పలక (వేఫర్) నిండా ఒకే తీరుగా పొరను పెంచడం, దానికి మంచి లోహపు కాంటాక్టులు ఇవ్వడం ఇంకా కష్టంగానే ఉంది.

ఇక ఉద్యోగం సంగతి. 'గ్రాఫీన్ ఉద్యోగం' అని విడిగా ఉండేవి మన దేశంలో కొద్దే. దాన్ని నమ్ముకుని పంపమని చెప్పను. నేను నమ్మేది ఆ పని చేస్తూ ఆమె చేతికి వచ్చే విద్యను.

బ్యాటరీ ల్యాబులో కొత్తగా చేరిన విద్యార్థి మొదట నేర్చేది కాయిన్ సెల్, అంటే బిళ్లంత చిన్న బ్యాటరీ, చేయడం. పదార్థం పొడిని, కరెంటు పారించే కార్బన్ బ్లాక్‌ను, అతికించే బైండర్‌ను పాళ్లు కుదిర్చి ద్రావకంలో చిక్కగా కలపాలి. దాన్ని రాగి రేకు మీద ఒకే మందంలో పూయాలి, వాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టాలి, గుండ్రటి బిళ్లలు కత్తిరించాలి. ఆ తర్వాత పని ఆర్గాన్ గ్యాస్ నింపిన గ్లవ్ బాక్సులో, చేతులు మందపాటి రబ్బరు గ్లవుజుల్లో. ఎలక్ట్రోడ్, దాని మీద సెపరేటర్, నాలుగు చుక్కల ఎలక్ట్రోలైట్, లిథియం బిళ్ల, పైన మూత పెట్టి ప్రెస్‌తో నొక్కాలి. బిళ్ల పక్కకు జరిగితే షార్ట్ కావొచ్చు. తర్వాత ఆ సెల్‌ను వందలసార్లు చార్జి, డిశ్చార్జి చేసి గ్రాఫు చదవాలి: ఎక్కడ పడిపోయింది, పదార్థం తప్పా, పూతలో తప్పా? లిథియం సెల్ ఫ్యాక్టరీ పెద్ద యంత్రాలతో చేసేదీ ఇదే పని. మీ బిడ్డ రేపు గ్రాఫీన్ మీద చేసినా, సోడియం బ్యాటరీ మీద చేసినా, ఇంకా పేరు పెట్టని పదార్థం మీద చేసినా ఈ నేర్పు వృథా పోదు. దీనికి తోడు పదార్థం లోపలి అమరికను చూపించే ఎక్స్‌రే డిఫ్రాక్షన్, రామన్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫలితాలు చదవడం వస్తే సెమీకండక్టర్, మెటీరియల్ టెస్టింగ్ కంపెనీల్లోనూ చోటుంటుంది.

అవసరమూ దగ్గర్లోనే కనబడుతోంది. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 2022 నుంచి 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు నడుస్తోంది, కానీ పొద్దుగూకితే దాని కరెంటు ఉండదు, రాత్రికి దాచుకోవాలంటే బ్యాటరీల వంటివి కావాలి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో లిథియం అయాన్ బ్యాటరీలు, సూపర్ కెపాసిటర్ల మీద పని జరుగుతోంది. అంటే ఇల్లు విడిచి మరీ దూరం పోవాల్సిన చదువేమీ కాదిది.

దారి ఇది. మీ బిడ్డది ఎంపీసీ కాబట్టి ఐఐటీలు నిర్వహించే జామ్ పరీక్షలో ఫిజిక్స్‌గానీ కెమిస్ట్రీగానీ రాయొచ్చు, రెండు పేపర్లకూ వీలుంది. మామూలుగా సెప్టెంబరు ప్రాంతంలో దరఖాస్తులు, ఫిబ్రవరిలో పరీక్ష. ఆ స్కోరుతో ఐఐటీలు, వరంగల్ ఎన్ఐటీ వంటివి ఎమ్మెస్సీ సీట్లు ఇస్తాయి. కాకతీయ, ఉస్మానియాలకు సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు. మూడూ రాయించండి. బ్యాటరీల వైపు మనసుంటే కెమిస్ట్రీ, ట్రాన్సిస్టర్ల వైపు ఉంటే ఫిజిక్స్ మేలని నా అభిప్రాయం. పేరులో నానో లేదని బెంగ వద్దు. ఆ రంగంలో పనిచేసే వాళ్లలో ఎక్కువమంది ఈ మామూలు ఎమ్మెస్సీల నుంచో, మెటలర్జీ నుంచో వచ్చినవాళ్లే.

ఎమ్మెస్సీ తర్వాత గేట్ రాసి ఎంటెక్ మెటీరియల్స్‌కు వెళ్లొచ్చు. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్, హెచ్ఆర్ఏ అదనం. అప్పటి నుంచి చదువు ఖర్చు మీ మీద పడదు. కానీ పీహెచ్‌డీకి అయిదేళ్లు పట్టడం మామూలే. అది ఇప్పుడే తేల్చుకోవాల్సిన విషయం కాదు. ఎమ్మెస్సీ రెండో ఏడు ప్రాజెక్టులో ఆమె ల్యాబులో కూర్చున్నాక ఆమెకే తెలుస్తుంది.

ఇంట్లో అక్కయ్యకు ఒక మాట చెప్పండి. ఎమ్మెస్సీ చేస్తే టీచర్ ఉద్యోగం దారి మూసుకుపోదు. బీఎడ్ తర్వాతైనా చేయొచ్చు, పైగా జూనియర్ లెక్చరర్ పోస్టుకు పీజీ కావాల్సిందే. పెండ్లి గురించి ఆమె భయం అర్థమవుతుంది. కానీ రెండేళ్ల ఎమ్మెస్సీకీ రెండేళ్ల బీఎడ్‌కీ కాలంలో తేడా లేదు. మీ బామ్మర్ది చెప్పిన ఎంసీఏ చెడ్డదేం కాదు, ఇష్టంగా ప్రోగ్రామింగ్ చేసే పిల్లలకు మంచి దారి. మీ ఉత్తరంలో ఆమెకు కోడింగ్ ఇష్టమన్న మాట ఎక్కడా కనబడలేదు.

ఇక అమ్మా, ఇది నీకు. జామ్ పాత పేపర్లు ఈ వారమే మొదలుపెట్టు. మీ కాలేజీ లెక్చరర్ ద్వారా ఎన్ఐటీలోనో కాకతీయ యూనివర్సిటీలోనో ఒక ల్యాబు చూసి రావడానికి అనుమతి అడుగు. అక్కడి రిసెర్చ్ స్కాలర్లను, ప్రొఫెసర్ లేనప్పుడు, మూడు సంగతులు అడుగు: పరికరాలు సొంతంగా వాడనిస్తారా, ఫెలోషిప్ నెలనెలా పడుతుందా, ఇక్కడ పూర్తి చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? మాక్సీన్ చేసే ల్యాబయితే నాలుగోది కూడా. అల్యూమినియం తీయడానికి చాలాచోట్ల హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడతారు. అది చర్మం మీద పడ్డప్పుడు మొదట్లో నొప్పి తెలియకపోవచ్చు, కానీ లోపలికి ఇంకి ఎముకదాకా హాని చేస్తుంది, ప్రాణాల మీదికి కూడా వస్తుంది. ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ పనిచేస్తోందా, ఆ యాసిడ్ పడ్డ చోట వెంటనే రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉందా అని అడుగు. ఆ జెల్ పేరే వినని ల్యాబులో ఎంత పెద్ద ప్రొఫెసర్ ఉన్నా చేరొద్దు.