బుజ్జీ, హోటల్ కంటే ముందు మనిషిని చూసుకో

పర్లాకిమిడి,
ఫిబ్రవరి నెలాఖరు

చిరంజీవి బుజ్జికి,
దొడ్డమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పినదంతా విన్నాను. మే నెలలో మీ అత్తగారు, మామగారు, పిల్లలిద్దరితో కలిసి డార్జిలింగ్, గ్యాంగ్‌టక్ వెళ్ళాలనుకోవడం చాలా మంచి ఆలోచన. కానీ రాత్రి పన్నెండింటి దాకా ఫోన్ పట్టుకుని హోటళ్ళు వెతుకుతున్నానని, ఏది ఎంచుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉందని అన్నావు. అప్పటి నుంచి నాకు అదే ఆలోచన. మాటల్లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను. "ఏజెంటుకి డబ్బులు దండగ దొడ్డమ్మా, అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయిగా" అన్నావు. 2019లో నేను మీ పెదనాన్నతో సరిగ్గా ఈ మాటే అన్నాను.

ఆ ఏడు మే నెలలో మేమిద్దరం మొదటిసారి అక్కడికి వెళ్ళాం. అన్నీ నేనే చూశాను, నేనే బుక్ చేశాను. గ్యాంగ్‌టక్‌లో కిటికీలోంచి కాంచనజంగ కనబడే హోటల్ ఒకటి దొరికింది. ఫొటోలు బాగున్నాయి, వెళ్ళొచ్చినవాళ్ళు రాసిన మాటలూ బాగున్నాయి. రోడ్డు మీద దిగాక ఆ హోటల్‌కి 64 మెట్లు కిందికి దిగాలని మాత్రం ఏ ఫొటోలోనూ లేదు. గ్యాంగ్‌టక్ అంతా కొండవాలు, అక్కడ చాలా హోటళ్ళు రోడ్డుకి కిందో పైనో ఉంటాయి. అది ఆ ఊరి తీరు, ఎవరి తప్పూ కాదు. మీ పెదనాన్న మోకాళ్ళ సంగతి నీకు తెలుసు కదా. దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగారు. మర్నాడు ఎక్కేటప్పుడు మధ్యలో మూడుసార్లు కూర్చున్నారు. అలా కూర్చున్నప్పుడు ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది ఇప్పటికీ నాకు బాధే.

మేం ఆదివారం సాయంత్రం చేరాం. సోమవారం నాథులా కనుమకి వెళ్ళాలని రాసిపెట్టుకున్నాను. సోమ, మంగళవారాలు అక్కడికి ఎవరినీ వెళ్ళనివ్వరని అక్కడికెళ్ళాకే తెలిసింది. బుధవారం పొద్దున్నే డార్జిలింగ్ ప్రయాణం, అక్కడ గది డబ్బు ముందే కట్టేశాను. గురువారం డార్జిలింగ్‌లో జంతు ప్రదర్శనశాలకి వెళితే గేటు మూసి ఉంది, గురువారం వాళ్ళకి సెలవు. ఆ మెట్లు పడలేక హోటల్ మార్చమని అడుగుదామంటే, బుక్ చేసిన చోట ఫోన్‌లో యంత్రమే మాట్లాడింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ ఇరవై నిమిషాలు గడిచాయి. చివరికి దొరికిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, కానీ తను ఎక్కడో కూర్చున్న మనిషి. గ్యాంగ్‌టక్ చూడలేదు, మెట్ల సంగతి తెలియదు. రెండు రాత్రుల డబ్బు వదులుకుని మేమే వేరే హోటల్‌కి మారాం.

వీటన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి. మీ పెదనాన్న చిన్నప్పుడు నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే మన చిన్న బండిలోనే బడికి వెళ్ళారు. 2004లో ఆ బండి ఆపేసిన రోజు స్టేషన్‌కి వెళ్ళి చాలాసేపు నిలబడి వచ్చారు. డార్జిలింగ్ వెళదామని ఆయన ఒప్పుకున్నదే అక్కడి బొమ్మ రైలు కోసం. మన బండి పట్టాల వెడల్పు 2 అడుగుల 6 అంగుళాలు, దానిది 2 అడుగులే అని దారి పొడవునా నాకు చెబుతూ వచ్చారు. సీజన్‌లో ఆ టికెట్లు ముందే అయిపోతాయని నాకు తెలియదు. ఆవిరి ఇంజను పొగ వదులుతూ పోతుంటే రోడ్డు పక్కన నిలబడి చూసి వచ్చేశాం.

2023లో మళ్ళీ వెళదామనుకున్నప్పుడు, నాతో పనిచేసిన లెక్కల మాస్టారు బరంపురంలో ట్రావెల్ ఏజెంటు ఒకాయన పేరు చెప్పారు. చిన్న ఆఫీసు, ఇద్దరు మనుషులు. నేను హోటల్ ధరలు అడుగుదామని వెళ్ళాను. ఆయన ధర చెప్పలేదు, నోటు పుస్తకం తీసి అడగడం మొదలుపెట్టారు. సార్‌కి మెట్లు పడతాయా, బీపీ ఉందా, ఏ మందులు వాడతారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, ఉల్లిపాయ తినని రోజులున్నాయా, ఇంతకుముందు వెళ్ళినప్పుడు ఏది చూడలేకపోయారు? బొమ్మ రైలు అని చెప్పాను. ఆయన ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీశారు.

నేను నాథులా గట్టిగా అడిగాను. పోయినసారి పోయింది కదా, ఈసారి చూడాలని పంతం. ఆయన ఒప్పుకోలేదు. "అది 14 వేల అడుగుల ఎత్తు టీచర్‌గారూ. సార్ బీపీకి డాక్టరుగారిని అడక్కుండా నేను రాయను. ఛాంగూ సరస్సు కూడా 12 వేల అడుగుల పైనే ఉంది. అక్కడ గంట ఉండి దిగిపోదాం, అదీ డాక్టరుగారు సరేనంటేనే" అన్నారు. నాథులా కూడా కలిపితే బిల్లు పెరుగుతుంది, ఆయనకే లాభం. అయినా వద్దన్నారు. మన డాక్టరుగారూ అదే మాట చెప్పారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది ఆ రోజే.

అక్టోబరు 12న మా ప్రయాణం. 4వ తేదీ తెల్లవారుజామున ఉత్తర సిక్కింలో దక్షిణ ల్హోనక్ సరస్సు తెగి తీస్తా నదికి వరద వచ్చింది. చుంగ్‌థాంగ్ దగ్గర ఆనకట్ట కొట్టుకుపోయింది, వంతెనలు పోయాయి, ఎందరో చనిపోయారు. మేము టీవీలో చూసేసరికే ఆయన ఫోన్ వచ్చింది. "మీరు కంగారు పడకండి, ఎవరికీ ఫోన్ చేయకండి. రైలు టికెట్లు ఇవాళే రద్దు చేస్తే మనిషికి 180 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే పోతుంది. హోటళ్ళతో నేను మాట్లాడతాను" అన్నారు. ఏటా తన మనుషులని పంపే హోటళ్ళు కాబట్టి రెండు హోటళ్ళు మా డబ్బుని వచ్చే ఏప్రిల్‌కి జమ వేసుకున్నాయి. మూడోవాళ్ళు ఒక రాత్రి డబ్బు ఇవ్వలేదు. ఆ సంగతి కూడా ఆయన దాచలేదు, వాళ్ళు పంపిన జవాబు నాకు చూపించారు.

2024 ఏప్రిల్‌లో వెళ్ళాం. గది రోడ్డు మట్టానికే ఉంది, రాత్రి లేస్తే బాత్రూం రెండడుగుల దూరం. ఛాంగూ దగ్గర మంచు చూశాం. డార్జిలింగ్ నుంచి ఘుమ్ దాకా మీ పెదనాన్న బొమ్మ రైల్లో కిటికీ పక్కన కూర్చున్నారు. నేను నాథులా ఇప్పటికీ చూడలేదు, చూడలేదన్న బాధా లేదు. మొత్తం ఏర్పాట్లకి ఆయన తీసుకున్న రుసుం 2,500 రూపాయలు. మొదటిసారి వదులుకున్న రెండు రాత్రుల డబ్బు అంతకంటే ఎక్కువే.

ఇక నీ సంగతి. మీ ప్రయాణంలో ఆరుగురు, అందులో ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు చిన్నపిల్లలు. గుణుపురంలో పూరీ బండి ఎక్కి బరంపురంలో దిగి, అక్కడ న్యూ జల్పాయ్‌గురి వెళ్ళే రైలు అందుకోవాలి. మొదటి బండి ఆలస్యమైతే రెండోది పోతుంది. ముందురోజే బరంపురం వచ్చి పడుకోవాలా వద్దా అన్నది రైళ్ళ నడక రోజూ చూసే మనిషి చెప్పాలి. న్యూ జల్పాయ్‌గురి నుంచి గ్యాంగ్‌టక్ సుమారు 120 కిలోమీటర్లు, తీస్తా పక్కనే వెళ్ళే 10వ నంబరు జాతీయ రహదారి. వానలు పడితే కొండచరియలు విరిగి ఆ దారి మూసేస్తారు. అప్పుడు లావా, గోరుబథాన్ మీదుగా చుట్టు తిరగాలి, గంటలు పెరుగుతాయి. తిరుగు రైలు ఉన్న రోజు ఇలా జరిగితే కష్టం కాబట్టి చివరి రాత్రి సిలిగురిలో పెట్టుకోమని తెలిసినవాళ్ళు చెబుతారు. ఇది ఫోన్ చెప్పదు. జూన్‌కి జరపకు, అప్పటికి అక్కడ వానలు మొదలవుతాయి.

అక్కడ నువ్వు వద్దనుకున్నా ఏజెంటు కావలసిన పని ఒకటుంది. నాథులాకి అనుమతి పత్రం అక్కడ నమోదైన ట్రావెల్ ఏజెంటు ద్వారానే తీసుకోవాలి. ఉత్తర సిక్కిం అనుమతులూ అంతే. ఫొటోలు, గుర్తింపు కార్డులు అందరివీ పట్టుకెళ్ళు, పిల్లలవి కూడా. గురుదోంగ్మార్ సరస్సు వీడియో పంపావు, చాలా అందంగా ఉంది. అది 17 వేల అడుగుల పైన ఉంది తల్లీ. మీ అత్తగారిని, చిన్నదాన్ని అక్కడికి తీసుకెళ్ళొద్దు. తీసుకెళ్ళొచ్చు, ఏం కాదు అని చెప్పే ఏజెంటు దగ్గర నుంచి లేచి వచ్చేయ్.

అన్నిటికీ ఏజెంటు కావాలని నేను అనను. పూరీకి, అరసవల్లికి, గోపాలపురం సముద్రానికి, విశాఖకి మనకి ఎవరి సాయమూ అక్కర్లేదు. రైలు టికెట్లు కూడా నువ్వే తీసుకో. 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందే బుకింగ్ మొదలవుతుంది. మే 20 బండికి మార్చి 21 ఉదయం 8 గంటలకి కూర్చోవాలి. బండి బయలుదేరే స్టేషన్ తేదీని బట్టి లెక్క ఒకరోజు మారుతుంది, అది చూసుకో. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ కలపకపోతే ఈ వారమే కలుపు. 2025 జూలై నుంచి తత్కాల్‌కి అది తప్పనిసరి, తత్కాల్ మొదలైన మొదటి అరగంట ఏజెంట్లకి అసలు టికెట్ ఇవ్వరు. "తత్కాల్ నేను ఖాయంగా తెస్తా, మనిషికి ఇంత" అని ఎవరైనా అంటే నమ్మకు. సొంత ఐడీతో టికెట్లు తీసి అమ్మడం రైల్వే చట్టం 143వ సెక్షన్ కింద నేరం. పట్టుకుంటే ఆ టికెట్లు రద్దవుతాయి, దారిలో ఉండిపోయేది మీరు.

మనిషిని ఎలా పోల్చుకోవాలంటావా? మాట్లాడటానికి ముందు నిన్ను అడిగేవాడా కాదా చూడు. నువ్వు లోపలికి వెళ్ళగానే రంగు కాగితం చేతిలో పెట్టి "అయిదు రాత్రులు, ఆరు పగళ్ళు" అంటే అది అందరికీ కుట్టిన చొక్కా. ఆయన సంపాదన ఎక్కడి నుంచి వస్తుందో సూటిగా అడుగు. హోటల్ కమీషనా, నీ దగ్గర రుసుమా, రెండూనా? నిజాయతీగా పనిచేసేవాళ్ళు ఈ ప్రశ్నకి కోపం తెచ్చుకోరు. హోటల్ పేరు, ఏ అంతస్తు, లిఫ్టు ఉందా, రోడ్డు నుంచి ఎన్ని మెట్లు, కారు ఏ రకం, డ్రైవరు భోజనం ఎవరిది, రద్దు చేస్తే ఎప్పుడు ఎంత పోతుంది, ఇవన్నీ కాగితం మీద రాయించు. "ఈ హోటల్ లేదా అదే స్థాయిది" అని రాస్తే ఒప్పుకోకు. ఆ "లేదా"లోనే 64 మెట్లు ఉంటాయి.

డబ్బు ఒకేసారి కట్టకు. కొంత అడ్వాన్సు, మిగతాది బయలుదేరేముందు. అదీ సంస్థ పేరున్న బ్యాంకు ఖాతాకే కట్టు. వేరే ఎవరి పేరుతోనో ఉన్న నంబరుకి పంపమంటే ఆగిపో. అడ్వాన్సు కట్టాక నువ్వే హోటల్‌కి ఫోన్ చేసి మీ పేరు మీద గది ఉందో లేదో కనుక్కో, ఇందులో మొహమాటం వద్దు. జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు తీసుకో. ఫోన్‌లో వచ్చే సగం ధర ప్రకటనల జోలికి పోకు. పొరపాటున డబ్బు పోయిందనిపిస్తే ఆ గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలని అల్లుడుగారికి కూడా చెప్పి ఉంచు.

నువ్వు కూడా ఆయనకి నిజం చెప్పాలి. లక్ష ఖర్చు పెట్టగలిగితే లక్ష అని చెప్పు. తక్కువ చెబితే ఆయన దానికి తగ్గ గదులే చూస్తాడు, ఆ గదుల్లో పడుకోవలసింది మీ అత్తగారు. ఆవిడ ఏకాదశి ఉపవాసం, మామగారి చెవి సరిగ్గా వినబడకపోవడం, పెద్దాడికి కొండ దారిలో వాంతులు, ఇవన్నీ చెప్పు. సిగ్గుపడే విషయాలు కావు. ఆయనతో రెండు గంటలు కూర్చుని పథకం వేయించుకుని, అదే కాగితం పట్టుకెళ్ళి ఇంకొకరి దగ్గర వెయ్యి రూపాయలు తగ్గించుకోవడం మాత్రం చేయకు. అది ఆయన పని, ఆయన అన్నం.

మీ మామగారికి తెలుగు, ఒడియా తప్ప రాదు కదా. మేము వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం మీ పెదనాన్నకి తల తిరిగింది. నేను బరంపురం ఫోన్ చేశాను. ఆయన నాతో తెలుగులో మాట్లాడి, వెంటనే డ్రైవరుతో హిందీలో మాట్లాడి, పావుగంటలో మమ్మల్ని ఆస్పత్రి గుమ్మం ముందు దింపించారు. నీరసమే, ఇంకేం లేదన్నారు. ఆ రాత్రి పది గంటలకి మళ్ళీ ఫోన్ చేసి "సార్ అన్నం తిన్నారా?" అని అడిగారు.

ఆదివారం పిల్లల్ని తీసుకుని ఒకసారి రా. వచ్చేటప్పుడు మీ అత్తగారు, మామగారు వాడే మందుల చీటీలు తీసుకురా, వాటిని చూసుకుంటూ ఆయనకి ఫోన్‌లో కలిసి మాట్లాడదాం. నా ఉన్ని శాలువాలు రెండు ఉతికి పెట్టాను, నీకూ మీ అత్తగారికీ సరిపోతాయి. మీ పెదనాన్న బొమ్మ రైలు ఫొటోలు తీసి టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నారు, పెద్దాడికి ఇంజను చూపించాలట.

ఇట్లు,
మీ దొడ్డమ్మ