మూడో లెటర్ హెచ్‌ఓడీ గారినా, మినీ ప్రాజెక్ట్ మేడమ్‌నా?

తమ్ముడూ, కానూరులో ఈసీఈ నాలుగో ఏడాది అన్నావు. అమెరికాలో ఎంఎస్‌కి రెండు రికమెండేషన్ లెటర్లు కుదిరాయి, మూడోదే తేలడం లేదు. హెచ్‌ఓడీ గారు, అంటే మీ డిపార్ట్‌మెంట్ హెడ్, నీకు ఒక్క సబ్జెక్టూ చెప్పలేదు. మినీ ప్రాజెక్ట్ చేయించిన మేడమ్‌కి ఇంకా పీహెచ్‌డీ రాలేదు. కన్సల్టెన్సీ వాళ్లేమో హోదా చూసుకోమంటున్నారు. నేనైతే మేడమ్‌నే అడగమంటాను.

అక్కడ లెటర్ చదివేవాళ్లకి మన హెచ్‌ఓడీ ఎవరో తెలియదు. ఈ విద్యార్థి మీకు ఎంతకాలంగా తెలుసు, ఎలా తెలుసు, తోటివాళ్లలో పై 5 శాతంలో ఉంటాడా, 10 శాతంలోనా... ఆన్‌లైన్ ఫారంలో సాధారణంగా ఇలాంటివే అడుగుతారు. నిన్ను కారిడార్‌లో మాత్రమే చూసినాయన ఏం రాస్తారు? మంచివాడు, మార్కులు బాగున్నాయి అని రాస్తారు. మార్కులు ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎలాగూ ఉన్నాయి కదా.

నేను గుంటూరు దగ్గర చదువుకున్నాను. ల్యాబ్ చెప్పిన మేడమ్‌ని అడిగితే ఆవిడ వెంటనే సరే అనలేదు. ప్రాజెక్ట్ రిపోర్టు తెమ్మన్నారు. మా సర్క్యూట్‌లో నాయిస్ ఎక్కణ్నుంచి వస్తోందో ఎలా పట్టుకున్నానో నా చేత మళ్లీ చెప్పించి, నోట్ చేసుకున్నారు. లెటర్‌లో ఏం రాశారో నేను చూడలేదు. తర్వాత అసిస్టెంట్‌షిప్ (చదువుకుంటూనే యూనివర్సిటీలో చేసే జీతం పని) కోసం అమెరికాలోని ప్రొఫెసర్‌తో మాట్లాడినప్పుడు, ఆయన మొట్టమొదట అడిగింది ఆ నాయిస్ సంగతే! ఆ మేడమ్‌కి అప్పటికి పీహెచ్‌డీ లేదు.

అడిగేటప్పుడు వాట్సాప్‌లో కాదు, స్టాఫ్ రూమ్‌కి వెళ్లి అడుగు. ‘నా గురించి గట్టిగా రాయగలరా మేడమ్’ అనే అడుగు. ‘చూద్దాంలే’ అని మొహం తిప్పుకుంటే ఇంకొకరిని చూసుకో, బతిమాలి తెచ్చుకున్న లెటర్‌లో బలం ఉండదు. చాలా యూనివర్సిటీల గడువు డిసెంబర్ 15 చుట్టూ ఉంటుంది. అప్పటికి మనవాళ్లు సెమిస్టర్ పరీక్షలు, ఎక్స్‌టర్నల్స్ హడావుడిలో ఉంటారు కాబట్టి సెప్టెంబర్‌లోనే కదులు. రెజ్యూమె, ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే వ్యాసం) డ్రాఫ్టు, యూనివర్సిటీల జాబితా గడువులతో సహా ఒకే ఫైల్లో ఇవ్వు. లెటర్ అప్‌లోడ్ చేయమని యూనివర్సిటీ పంపే లింకు మేడమ్ కాలేజీ మెయిల్ ఐడీకే వెళ్లేలా చూడు, స్పామ్‌లో పడిందేమో చూడమని కూడా చెప్పు.

‘నువ్వే రాసుకురా, సంతకం పెడతాను’ అనేవాళ్లు ఎదురవుతారు. దయచేసి ఒప్పుకోకు. నువ్వు చేసిన పనులు పాయింట్లుగా ఇచ్చి, వాక్యాలు ఆవిడనే రాయమను. కన్సల్టెన్సీ నమూనా లెటర్ జోలికి అసలు పోవద్దు, అదే లెటర్ నీ క్లాస్‌మేట్ ఫైల్లోనూ ఉండొచ్చు. టీచర్ పేరుతో మెయిల్ ఐడీ తెరిచి మనమే అప్‌లోడ్ చేయడం మోసం. బయటపడితే సీటు పోతుంది, ఆ టీచర్ పేరూ పోతుంది.

అప్లికేషన్‌లో లెటర్ చూసే హక్కు వదులుకుంటావా అని ఒక ప్రశ్న వస్తుంది. విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం అమెరికాలో తెచ్చిన 1974 నాటి ఫెర్పా చట్టం వల్ల వచ్చిన హక్కు అది. వదులుకుంటానని టిక్ పెట్టు. నీకు కనబడదని తెలిస్తే రాసేవాళ్లు మొహమాటం లేకుండా రాస్తారు, చదివేవాళ్లూ నమ్ముతారు.

హెచ్‌ఓడీ గారు ఏమనుకుంటారో అన్న భయం నాకు అర్థమవుతుంది. ముందే వెళ్లి, ‘ప్రాజెక్ట్ మేడమ్ దగ్గర చేశాను కాబట్టి ఆవిడని అడుగుతున్నాను సార్’ అని చెప్పు. లెటర్‌హెడ్ కావాల్సి వస్తే ఆయన అనుమతి ఎలాగూ అవసరమవుతుంది, అదీ అప్పుడే అడిగేయ్.