స్ట్రాంగ్ కావాలంటే ఆకు పెంచండి, టైమ్ కాదు

ఈసారి ఉత్తరాలన్నీ విడి ఆకు బ్లాక్ టీ మీదే. అడిగిన తీరు వేరైనా చాలామంది బాధ ఒక్కటే, టీ పల్చగా ఉంటోంది లేదంటే వగరెక్కుతోంది. అందుకే మొదటి ప్రశ్నకే కాస్త పెద్ద జవాబు రాస్తున్నా, మిగతావాటికి వీలైనంత.

ప్రశ్న: పొడుగు ఆకుల బ్లాక్ టీ తెచ్చుకున్నాను. ప్యాకెట్ మీద రాసినట్టు 3 నిమిషాలు పెడితే రంగు నీళ్లలా ఉంది, 8 నిమిషాలు వదిలేస్తే నోరు ముడుచుకుపోతోంది. ఎక్కడ ఆపాలి?

ఎక్కడ ఆపినా మీకు నచ్చదండీ, ఎందుకంటే తేడా టైమ్ దగ్గర లేదు, ఆకు దగ్గరుంది. మీరు చెంచాతో కొలుస్తున్నారనుకుంటా. సన్నగా విరిగిన ఆకైతే చెంచాలో దట్టంగా సర్దుకుంటుంది, అదే పొడుగ్గా మెలితిరిగిన ఆకైతే మధ్యలో అంతా గాలే, చెంచా పైకి గుట్టలా కనిపిస్తుంది కానీ తూకం వేస్తే ఏమీ ఉండదు. ఒక చిన్న డిజిటల్ తూకం కొనుక్కోండి, టీ సామానులో అన్నిటికంటే పనికొచ్చేది అదే అంటాను నేను, ఖరీదైన కెటిల్ కంటే కూడా. 100 మి.లీ. నీళ్లకి 2 గ్రాముల ఆకుతో మొదలుపెట్టండి, అంటే 200 మి.లీ. కప్పుకి 4 గ్రాములు. ఘాటుగా అనిపిస్తే 3కి తగ్గించుకోండి. అంతేగానీ టైమ్‌తో ఆటలొద్దు.

టైమ్ పెంచితే ఏమవుతుందంటే, సువాసన ఇచ్చేవీ కెఫీనూ ముందే దిగిపోతాయి, వగరిచ్చే బరువైన పదార్థాలు మాత్రం ఆకు నీళ్లలో ఉన్నంతసేపూ దిగుతూనే ఉంటాయి. ఈలోగా పైన ఆవిరితో పాటు వాసన పోతుంటుంది. అంటే ఆకు తక్కువేసి ఎక్కువసేపు నానబెడితే చిక్కదనం రాదు, వగరు మాత్రం దండిగా వస్తుంది. కొత్త టీ తెచ్చుకున్నప్పుడు ఒక్కసారి ఈ పని చేసి చూడండి: 2 నిమిషాలయ్యాక ఒక చెంచాడు తీసి రుచి చూడండి, తర్వాత 3కి, 4కి, 5కి. ఎక్కడో ఒకచోట కమ్మదనం ఆగిపోయి నాలుక మీద గరుకు మొదలవుతుంది, మీ టీకి టైమ్ అదే, ప్యాకెట్ మీద ఏం రాసున్నా సరే.

ఇంకా కొన్ని చిన్న విషయాలు. బ్లాక్ టీకి నీళ్లు బాగా తెర్లుతుండగానే పోయాలి. మందపాటి పింగాణీ పాట్ చల్లగా ఉంటే పోసిన వెంటనే వేడి లాగేస్తుంది కాబట్టి ముందు కాసిన్ని వేడినీళ్లు పోసి తిప్పి పారబోయండి. మూత పెట్టండి. గుండ్రటి బంతిలా ఉండే ఆ చిల్లుల ఇన్ఫ్యూజర్ వాడుతుంటే దాన్ని పక్కన పడేయండి, పొడుగు ఆకు విప్పుకోవడానికి చోటు కావాలి, అందులో సగం ఆకు పొడిగానే ఉండిపోతుంది. పాట్‌లో విడిగా వేసి వడగట్టుకోండి, టైమ్ అయ్యాక మొత్తం వంచేయండి, అడుగున కొంచెం ఉంచి తర్వాత తాగుదాం అనుకుంటే ఆ రెండో కప్పు కషాయమే. ఆకుని చెంచాతో నొక్కి పిండకండి, ఆకుని పొయ్యి మీద పెట్టి మరిగించకండి.

పొడుగు ఆకైతే రెండోసారి కూడా వస్తుంది, ఇంకో నిమిషమో రెండు నిమిషాలో ఎక్కువ పెట్టండి. సీటీసీ గుళికలకి మాత్రం ఆ ఆశ వద్దు, మిషన్‌లో ఆకుని నలిపి చీల్చి చుట్టేస్తారు కాబట్టి ఉన్నదంతా మొదటిసారే ఇచ్చేస్తుంది.

ప్రశ్న: టీ టేస్టర్లు సర్రుమని చప్పుడు చేస్తూ జుర్రుతారెందుకు? ఇంట్లో మనం కూడా అలా టేస్టింగ్ చేసుకోవచ్చా?

చప్పుడు లేకుండా ఆ పని జరగదు. గాలితో కలిపి జోరుగా పీలిస్తే టీ నోరంతా సన్న తుంపరగా పరుచుకుంటుంది, దాని వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. నమ్మకపోతే ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుటక తీసుకోండి, కాస్త చేదు, కాస్త వగరు, వేడి, అంతే తెలుస్తుంది, అస్సామా డార్జిలింగా అని కూడా చెప్పలేరు. ఇప్పుడు ముక్కు వదలండి. ఒక్కసారిగా టీ అంతా వచ్చేస్తుంది.

టేస్టింగ్ కోసం ఐఎస్ఓ 3103 అని ఒక అంతర్జాతీయ ప్రమాణమే ఉంది, 1980లో వచ్చింది. మూతున్న తెల్ల పింగాణీ పాత్ర, 100 మి.లీ.కి 2 గ్రాములు, తెర్లే నీళ్లు, 6 నిమిషాలు. ఇది చదివి "ఓహో అసలైన టీ ఇలా పెట్టాలన్నమాట" అనుకుంటారు చాలామంది, కాదు. ఇది టీలని ఒకదాంతో ఒకటి పోల్చడానికి పెట్టుకున్న పద్ధతి. 6 నిమిషాలంటే చాలా టీలకి ఎక్కువే, కానీ అంతసేపు ఉంచితే ఆకులో దాక్కున్న లోపం బయటపడుతుంది, కొనేవాడికి కావలసింది అదే కదా, తాగేవాడికి కాదు.

ఇంట్లో అయితే మూడు టీలు చాలు. అస్సాం ఒకటి, డార్జిలింగ్ ఒకటి, సిలోన్ గానీ చైనా కీమున్ గానీ ఒకటి. ఒకేలాంటి తెల్ల కప్పులు మూడు, ఒకే తూకం, ఒకే నీళ్లు, ఒకే టైమ్. ఒక్క టీ విడిగా తాగితే బావుందనే అనిపిస్తుంది, పక్కన ఇంకోటి ఉంటేనే దేనిలో ఏముందో తెలుస్తుంది. వడగట్టాక ముందు తడి ఆకుని మూత మీద వేసుకుని వేడిగా ఉన్నప్పుడే వాసన చూడండి, ఇది చాలామంది వదిలేస్తారు కానీ నాకు టేస్టింగ్‌లో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కప్పులో కంటే ఇక్కడే ఎక్కువ సంగతులు తెలుస్తాయి. అస్సాం అయితే మాల్ట్ వాసన, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ వాసన, గుప్పున కొడుతుంది. ఆకు రంగు కొత్త రాగి నాణెంలా మెరుస్తుంటే మంచి లక్షణం, నల్లగా చచ్చినట్టుంటే ఆక్సిడేషన్ (నలిగిన ఆకు గాలి తగిలి రంగు మారడం) ఎక్కువైందనో ఆరబెట్టేటప్పుడు మాడిందనో అనుమానించాలి. ఆ తర్వాత కప్పు. నాలుక కాలకుండా ఉండేంత చల్లారాక జుర్రండి, మరీ వేడిలో రుచి తెలీదు.

జుర్రినప్పుడు చేదునీ వగరునీ విడదీసి చూడటం అలవాటు చేసుకోండి. చేదు రుచి. వగరు మాత్రం స్పర్శ, టీలో పాలీఫెనాల్స్ అనే వగరు పదార్థాలు వెళ్లి లాలాజలంలోని ప్రొటీన్లకి అతుక్కుంటాయి, నోటి జారుడు పోయి బుగ్గల లోపల ఎండినట్టుంటుంది. పాలు పోస్తే వగరు తగ్గేది కూడా అందుకే, అవి పాలలోని ప్రొటీన్లకి అతుక్కుంటాయి, మన నోటిని వదిలేస్తాయి. కొద్దిపాటి వగరు తప్పు కాదు, నోరు కడిగినట్టు తేటగా, చురుగ్గా ఉంటే దాన్ని టేస్టర్లు బ్రిస్క్ అని మెచ్చుకుంటారు. ఆ చురుకు లేకుండా చప్పగా పడుంటే ఫ్లాట్. నోట్లో బరువుగా నిండుగా అనిపించడం బాడీ. ఈ మూడూ పట్టుబడితే చాలు, "తేనె, ఎండిన పూలు, తడి రాయి" అని రాసే వర్ణనలు చూసి నాకేం తెలీట్లేదే అని కంగారు పడక్కర్లేదు, అందులో కొంత కవిత్వమే.

ప్రశ్న: ఎఫ్‌టీజీఎఫ్ఓపీ అని రాసున్న టీ, ఓపీ అని రాసున్నదానికంటే మంచిదా?

ఆ అక్షరాలు చెప్పేది ఆకు సైజు, విరిగిందా విరగలేదా, బంగారు రంగు మొగ్గలు ఎన్ని ఉన్నాయి, ప్రధానంగా ఇవే. ఎఫ్‌టీజీఎఫ్ఓపీ పూర్తి పేరు ఫైనెస్ట్ టిప్పీ గోల్డెన్ ఫ్లవరీ ఆరెంజ్ పీకో, చివరనున్న ఆరెంజ్ పీకోనే ఓపీ, నారింజ పండుకీ దానికీ సంబంధం లేదు. "ఫార్ టూ గుడ్ ఫర్ ఆర్డినరీ పీపుల్" అని దాని మీద టీ వాళ్లే వేసుకునే జోక్ కూడా ఉంది. రుచి మాత్రం ఏ తోట, ఏ సీజన్, ఎంత తాజా అన్నదాని మీద ఉంటుంది. కిందటేడు పెద్ద పేరు ఆకు కంటే ఈ సీజన్‌లో వచ్చిన మామూలు విరిగిన ఆకు ఎన్నోసార్లు బావుంటుంది. అక్షరాలు పక్కనపెట్టి కోత నెల రాశారా లేదా చూడండి, రాయనివాళ్ల దగ్గర నేనైతే కొనను.

ప్రశ్న: టీ చల్లారాక మబ్బు పట్టినట్టు మసకబారుతోంది, పైన తెట్టులా కూడా ఏదో తేలుతోంది. పాడైనట్టా?

ఇవి రెండూ వేర్వేరు. మసక మంచి గుర్తే. బ్లాక్ టీకి ఆ మెరిసే రంగూ చురుకూ ఇచ్చే థియాఫ్లేవిన్లు, చల్లారేటప్పుడు కెఫీన్‌తో కలిసి గడ్డకట్టి నీళ్లలో కరగకుండా మిగులుతాయి, దాన్నే క్రీమింగ్ అంటారు. చిక్కటి అస్సాంలో బాగా కనిపిస్తుంది. కాసిని వేడినీళ్లు కలిపితే మళ్లీ తేటపడుతుంది. ఐస్ టీలో ఇది వద్దనుకుంటే లీటరు చన్నీళ్లలో 10 గ్రాముల ఆకు వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి వడగట్టండి, మసకా ఉండదు, వగరూ చాలా తక్కువ.

పైన తేలే తెట్టు మాత్రం మీ నీళ్ల తప్పు. కఠినజలంలో ఉండే కాల్షియం, బైకార్బొనేట్ వల్ల టీ పదార్థాలు గాలి తగిలే చోట పొరకడతాయి, కప్పు అంచుకి గోధుమరంగు గీతలా అంటుకునేది కూడా అదే. అలాంటి నీళ్లలో టీ రంగు ముదురుగా వస్తుంది, అది చూసి స్ట్రాంగ్ అనుకుని మోసపోతాం, తాగితే మొద్దుగా ఉంటుంది. ఫిల్టర్ నీళ్లతో ఒక కప్పు, కుళాయి నీళ్లతో ఒక కప్పు పక్కపక్కన పెట్టి చూడండి, మళ్లీ నాకు ఉత్తరం రాయక్కర్లేదు. నిమ్మరసం రెండు చుక్కలేస్తే పొర కట్టదు, రంగు కూడా టక్కున పాలిపోతుంది, అది పులుపు వల్ల మారిన రంగు, టీ పల్చబడినట్టు కాదు.

ప్రశ్న: డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్‌కి కూడా తెర్లే నీళ్లేనా?

మార్చి, ఏప్రిల్‌లో ఏడాది మొదటి కోతకి వచ్చే ఆ ఆకు పేరుకే బ్లాక్ టీ, ఆక్సిడేషన్ చాలా తక్కువ, తడి ఆకు చూస్తే పచ్చగానే ఉంటుంది. దానికి 90 డిగ్రీలు, 3 నిమిషాలు అంటాను. మే, జూన్‌లో వచ్చే సెకండ్ ఫ్లష్‌కి మాత్రం తెర్లే నీళ్లు పోయండి, భయం లేదు. ఆ సీజన్ టీలో ద్రాక్షని గుర్తుచేసే మస్కటెల్ వాసన వస్తుంది, దానికి కొంత కారణం ఆకుల రసం పీల్చే చిన్న పచ్చదోమలంటే నవ్వొస్తుంది గానీ నిజమే, పురుగు కొరికితే మొక్క తన రక్షణ కోసం ఆ వాసనల్ని తయారుచేసుకుంటుంది.

ప్రశ్న: మొదటి 30 సెకన్ల నీళ్లు పారబోస్తే కెఫీన్ పోతుందట కదా?

పోదు. ఆ కాస్త టైమ్‌లో కెఫీన్ దిగేది కొంచెమే, మంచి వాసన మాత్రం సింక్‌లో పోస్తారు.

ప్రశ్న: ఆకుని ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

వద్దు. బయటికి తీసినప్పుడల్లా చెమ్మ పడుతుంది, పక్కనున్నవాటి వాసనంతా పీల్చుకుంటుంది. గాలి చొరని డబ్బా, వెలుతురు తగలని అర, పొయ్యికి దూరంగా, చాలు. గాజు సీసా అందంగా ఉంటుంది గానీ వెలుతురు పడేచోట పెట్టకండి. పైన్ కట్టె పొగలో ఆరబెట్టే లాప్‌సాంగ్ సూచాంగ్ గనక ఇంట్లో ఉంటే దానికి వేరే డబ్బా, వీలైతే వేరే అర, లేదంటే నెల తిరిగేలోపు మీ టీలన్నీ పొగ వాసనే.