పాత ఇంగ్లిష్ డబుల్ బ్యారెల్ గన్ కొనేముందు గొట్టాలు కొలిపించండి

ఇంగ్లండ్ వచ్చి నాలుగేళ్లయిందని, పాత ఇంగ్లిష్ డబుల్ బ్యారెల్ గన్లు సేకరించాలని ఉందని, మొదటిదే పర్డీ (లండన్ గన్ తయారీ సంస్థ) లాంటి పెద్ద పేరున్నది కొనాలా అని అడిగారు. నేను బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటాను, పదేళ్లుగా ఈ పిచ్చి ఉంది. పేరు సంగతి తర్వాత చూద్దాం, ముందు గొట్టాలు కొలిపించండి. ఈ ముక్క నాకు డబ్బులు పోయాకే తెలిసింది.

నేను మొదట కొన్నది లండన్ పేరున్న సైడ్‌లాక్, అంటే పేల్చే యంత్రాంగాన్ని రెండు పక్కల పలకల మీద బిగించిన రకం. వేలంలో చూశాను. లాక్ ప్లేట్ల నిండా సన్నటి తీగలు, గులాబీలు, వాల్‌నట్ కుందా తేనెరంగులో మెరుస్తోంది. గొట్టాల మందం ఎంతో కేటలాగులో రాయలేదు, నేనూ అడగలేదు. ఇంటికి తెచ్చుకుని వారం రోజులు మురిసిపోయి, ఆ తర్వాత ఒక ముసలి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గొట్టాలు విడదీసి, మందం కొలిచే గేజీకి తొడిగి, మెల్లగా తిప్పుతూ లాగాడు. ఎడమ గొట్టం మధ్యలోకి వచ్చేసరికి ముల్లు 14 దగ్గర ఆగింది. అంటే గొట్టం గోడ మందం అంగుళంలో వెయ్యింట 14 వంతులు. ఇక్కడ 20కి తగ్గితే చాలామంది ముట్టుకోరు. ఆయన ఏమీ అనలేదు, గేజీని నా వైపు తిప్పాడంతే.

తమాషా ఏమిటంటే, చట్టప్రకారం ఆ గన్‌లో ఏ తప్పూ లేదు. లండన్‌లో ఒకటి, బర్మింగ్‌హామ్‌లో ఒకటి ప్రూఫ్ హౌస్‌లున్నాయి (మా ఊరిది 1813 నాటిది). మామూలుకంటే ఘాటైన తూటా పేల్చి, గొట్టం తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. నా గన్ మీద .729 అని ఉంది. అది లోపలి వ్యాసం, అంగుళాల్లో. తుప్పు గుంటలు పోగొట్టడానికి ఎవరెవరో లోపల అరగదీసి దాన్ని .738కి తెచ్చారు. .740 అయితే ప్రూఫ్ పోయినట్టే, అలాంటి గన్ అమ్మడం నేరం. కానీ వాళ్లు చూసేది లోపలి వ్యాసమే. గోడ ఎంత పల్చబడినా ఆ ముద్ర చెప్పదు.

గేజీ లేకపోయినా కొంత పసిగట్టొచ్చు. గొట్టాలను వేలికి వేలాడదీసి గోటితో తట్టండి. గంటలా ఖంగుమంటే అతుకులు బాగున్నట్టు. కుండ కొనేటప్పుడు మనవాళ్లు తట్టి చూస్తారే, అదే పద్ధతి. తర్వాత కిటికీ వైపు తిప్పి లోపలికి చూడండి, నీడ గీతలు వంకర పోతే అక్కడ సొట్టో, ఉబ్బో ఉన్నట్టు. 'స్లీవ్డ్' అని ముద్ర ఉంటే వెనక భాగం మాత్రమే పాతది, ముందు గొట్టాలు కొత్తగా తొడిగినవి. కాల్చుకోవడానికి బాగానే ఉంటుంది కానీ సేకరణకు విలువ పడిపోతుంది.

తూటా విషయంలో మాత్రం అస్సలు నిర్లక్ష్యం వద్దు. పాత 12 బోర్‌లలో (12 అనేది గొట్టం లోపలి సైజు) చాలావాటికి ఛాంబర్, అంటే తూటా కూర్చునే చోటు, పొడవు రెండున్నర అంగుళాలే. రెండుముప్పావు అంగుళాల తూటా కూడా అందులో హాయిగా దూరిపోతుంది, ఎందుకంటే పేలకముందు దాని మూతి ముడుచుకుని ఉంటుంది. పేలాక ఆ మూతి విచ్చుకోవడానికి చోటు చాలక లోపల ఒత్తిడి పెరుగుతుంది. స్టీల్ గుళ్లు కూడా వీటికి పడవు, సీసం వాడకూడని చోట బిస్మత్ వాడతాం.

ఇక పేరు సంగతి. పర్డీ గొప్పదే, 1880లో బీస్లీ అనే ఆయన పేటెంట్ చేసిన యంత్రాంగాన్నే ఇప్పటికీ వాడుతున్నారు. కానీ మంచిది కావాలంటే వేల పౌండ్లు సిద్ధంగా ఉండాలి. చిన్న ఊళ్ల దుకాణాల పేర్లు చెక్కిన గన్లు చాలావరకు బర్మింగ్‌హామ్‌లో తయారై ఆ పేర్లతో అమ్ముడుపోయినవే. నా రెండోది అలాంటి బాక్స్‌లాక్, అంటే యంత్రాంగం పక్క పలకల మీద కాకుండా లోపలే ఇమిడి ఉండే రకం. లోపల ఉన్నది అన్సన్, డీలీ 1875లో పేటెంట్ చేసిన పద్ధతే. గోడ మందం ఎక్కడా 26కి తగ్గలేదు. మంచి ఫోన్ ధరకంటే తక్కువకే దొరికింది. నెలకు రెండుసార్లు క్లే షూటింగ్‌కి (గాల్లోకి విసిరే బిళ్లల్ని కాల్చే ఆట) అదే తీసుకెళ్తాను.

పోలీసులిచ్చే షాట్‌గన్ సర్టిఫికెట్ లేకుండా వేలం జోలికి వెళ్లకండి. అది వచ్చాక, భద్రంగా దాచే ఏర్పాటు ఉంటే ఎన్ని గన్లయినా ఉంచుకోవచ్చు. మన దేశంలో 2019 సవరణ తర్వాత లైసెన్సు మీద రెండే. మా పెదనాన్నగారిది ఒక్కటే ఉండేది, అదీ ఎన్నికలొస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేసి రావాల్సిందే. ఇక్కడ గోడకు బిగించిన ఇనుప బీరువా కావాలి, సర్టిఫికెట్ లేనివాళ్లకు దాని తాళం అందకూడదు. అది ఎక్కడ దాస్తానో మా ఆవిడకు ఇప్పటికీ తెలియదు. ఆ సైడ్‌లాక్‌ను ఎంతకు కొన్నానో మాత్రం తెలుసు.