ఇంట్లో సాధనకు చిన్న వాల్వు ఆంప్: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. ఇంట్లో గిటార్ సాధన చేసుకోవడానికి, ఖర్చు చేయి దాటకుండా, ఒక చిన్న వాల్వు ఆంప్ (గాజు వాల్వులతో గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) కొనాలనుకుంటున్నావని, 15 వాట్లదైతే రేపు వేదిక మీదికి కూడా పనికొస్తుందని ఆలోచిస్తున్నావని రాశావు. ఆ రెండో ఆలోచనను నీ చేత మాన్పించాలనే ఇంత వివరంగా రాస్తున్నాను. నేను మొదట కొన్నది 15 వాట్ల ఆంపే. దాని వాల్యూమ్ నాబ్ ఒకటికి ఇవతల ఉంటే దాదాపు ఏమీ వినిపించేది కాదు, ఒకటిన్నర దగ్గరికి తిప్పేసరికి కిటికీ అద్దాలు అదిరేవి. ఆ రెండింటి మధ్య గోరంత మేర ఉన్న చోటు కోసం రోజూ వేలికొసతో వెతుక్కుంటూ మూడేళ్లు సాధన చేశాను. ఆ ఆంప్ అసలు ఎలాంటి స్వరం ఇవ్వగలదో ఆ మూడేళ్లలో నేను ఒక్కసారి కూడా సరిగా వినలేదు.

వాట్ల లెక్క చాలామంది అనుకున్నట్టు నడవదు. శక్తి పది రెట్లు పెరిగితే శబ్దం 10 డెసిబెల్స్ పెరుగుతుంది, మన చెవికి అది సుమారు రెండింతల గట్టిగా మాత్రమే తోస్తుంది. శక్తిని సగానికి తగ్గిస్తే తగ్గేది 3 డెసిబెల్సే. అంటే 15 వాట్ల ఆంప్‌కు బదులు 5 వాట్లది కొన్నంత మాత్రాన ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని ఆశపడకూడదు. గిటార్ స్పీకర్ల మీద సెన్సిటివిటీ అని ఒక అంకె ఇస్తారు. 1 వాట్ శక్తి అందినప్పుడు 1 మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తాయో అది చెబుతుంది. 97 అని ఉన్న స్పీకర్‌కు 1 వాట్ ఇస్తే 97 డెసిబెల్స్, 5 వాట్లు ఇస్తే సుమారు 104. అమెరికాలోని నియోష్ అనే వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినకూడదు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది. ఆ లెక్కన 97 డెసిబెల్స్‌కు దక్కేది అరగంట. ఒక్క వాట్ సంగతే ఇలా ఉన్నప్పుడు, ఆంప్ మీద రాసిన పెద్ద అంకె కన్నా దాని శక్తిని ఎంత కిందికి దించుకోవచ్చన్నదే నీకు ముఖ్యం.

ఇక వాల్వుల విషయం. చిన్న ఆంప్‌లో సాధారణంగా రెండు రకాల వాల్వులు ఉంటాయి. ముందు దశలో 12ఏఎక్స్7, దీనికే ఈసీసీ83 అనే పేరు కూడా ఉంది, గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్ని పెద్దది చేస్తుంది. చివరి దశలో ఈఎల్84 గాని, 6వీ6 గాని, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా స్పీకర్‌ను నడుపుతుంది. ఫెండర్ సంస్థ 1950ల చివరి ఏళ్లలో తయారు చేసిన ఛాంప్ అనే ఆంప్‌లో ఒక 12ఏఎక్స్7, ఒక 6వీ6, విద్యుత్తును ఏకదిశగా మార్చడానికి ఒక 5వై3 వాల్వు, 8 అంగుళాల స్పీకర్, ఒకే ఒక్క వాల్యూమ్ నాబ్ ఉండేవి. దాని శక్తి దాదాపు 5 వాట్లు. తరువాత వచ్చిన ఎపిఫోన్ వాల్వ్ జూనియర్ కూడా ఇంచుమించు ఆ పద్ధతిలోదే, కాకపోతే చివర ఈఎల్84 ఉంటుంది. భాగాలు తక్కువ కాబట్టి ఇలాంటి ఆంప్‌లు చవకగా వస్తాయి, మరమ్మతుకూ తేలికగా లొంగుతాయి. చివరి దశలో ఒకే వాల్వు ఉన్న ఇలాంటి చిన్న ఆంప్‌లలో అది అరిగిపోతే సాధారణంగా అదే రకం కొత్తది పెట్టుకుంటే చాలు, బయాస్, అంటే వాల్వులో ఊరికే పారే విద్యుత్తు మోతాదు, సరిచేయించాల్సిన పని పడదు. నా మనసు ఈ సరళమైన ఆంప్‌ల వైపే మొగ్గుతుందని దాచకుండా చెబుతున్నాను.

అయితే ఒకే నాబ్ ఉన్న ఆంప్‌తో వచ్చే చిక్కును నువ్వు ముందే తెలుసుకోవాలి. వాల్వుల నుంచి వచ్చే ఆ గరుకైన, నిండైన స్వరం కోసమే కదా మనం ఇంత బరువు, ఇంత వేడి భరించడం! అది వాల్వును దాని హద్దు దాకా తోసినప్పుడే పుడుతుంది, ఒకే నాబ్ ఉన్నప్పుడు ఆ హద్దు చేరేసరికి శబ్దం కూడా తారస్థాయికి చేరుతుంది. దీనికి ఉన్న మార్గాలలో మొదటిది మాస్టర్ వాల్యూమ్: గెయిన్ (ముందు దశ మోతాదు) పెంచి మాస్టర్ (చివరి దశకు చేరే మోతాదు) తగ్గిస్తే ముందు దశ వాల్వులు బాగా పలుకుతాయి గాని చివరి వాల్వు మాత్రం కదలకుండా కూర్చుంటుంది. రెండోది శక్తిని తగ్గించే స్విచ్. వాక్స్ ఏసీ4టీవీలో 4 వాట్లు, 1 వాట్, పావు వాట్ అని మూడు మెట్లు ఉన్నాయి. బుగెరా వీ5లో 5, 1, 0.1 వాట్లు. మార్షల్ డీఎస్ఎల్1ను 1 వాట్ నుంచి 0.1 వాట్‌కు దించుకోవచ్చు. బ్లాక్‌స్టార్ హెచ్‌టీ-1 పుట్టుకతోనే 1 వాట్ ఆంప్, అందులో చివరి దశలో కూడా, మామూలుగా ముందు దశలో ఉండే జాతికి చెందిన ఈసీసీ82 అనే చిన్న వాల్వును వాడారు. నీ ఇంట్లో గోడకు అవతల మనుషులు ఉంటున్నారని రాశావు కనుక, మాస్టర్ వాల్యూమ్, శక్తి తగ్గించే స్విచ్ ఈ రెండింటిలో కనీసం ఒకటైనా లేని ఆంప్‌ను, ఎంత చవకగా వచ్చినా సరే, నువ్వు కొనకూడదని నా గట్టి అభిప్రాయం. ఈ స్విచ్ ఉన్నా శబ్దం తగ్గినప్పుడు స్వరం కొంత పలచబడ్డట్టు వినిపిస్తుంది. దానికి ఆంప్‌ను తప్పుపట్టవద్దు. తక్కువ శబ్దంలో మన చెవి మంద్రాలను, ముఖ్యంగా వాటినే, సరిగా పట్టుకోలేదని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపారు.

స్పీకర్ గురించి ఎవరూ పెద్దగా చెప్పరు, నేను మాత్రం వాల్వుల కన్నా దాని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టమంటాను. 6 లేదా 8 అంగుళాల స్పీకర్ చిన్న పెట్టెలో ఉంటే మంద్ర తీగలు అట్టపెట్టె మీద కొట్టినట్టు పొడిగా మోగుతాయి. అదే ఆంప్ వెనక ఉన్న జాక్ నుంచి తీగ లాగి 12 అంగుళాల స్పీకర్ ఉన్న క్యాబినెట్‌కు, అంటే విడి స్పీకర్ పెట్టెకు, కలిపితే ఇది అదేనా అనిపిస్తుంది. నేను రెండో ఆంప్‌గా ఒక చిన్న 5 వాట్లది కొన్నప్పుడు, నిరాశపడి తిరిగి అమ్మేద్దామనుకున్న రోజున, స్నేహితుడి క్యాబినెట్‌కు కలిపి మీటిన మొదటి 'ఇ మైనర్' (E minor) కార్డ్ నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆరో తీగ గదిలో నిలబడి, నెమ్మదిగా కరిగిపోయింది. కాని పెద్ద స్పీకర్ సాధారణంగా శబ్దాన్ని కూడా పెంచుతుంది కాబట్టి, చోటు తక్కువగా ఉన్న నీకు 10 అంగుళాల స్పీకర్‌తో వచ్చే ఆంప్ మధ్యేమార్గం. లేదంటే 8 అంగుళాలదే తీసుకో, అయితే వెనక బయటి స్పీకర్‌కు జాక్ ఉందో లేదో చూసి తీసుకో. ఆ జాక్ పక్కన 4, 8, 16 ఓమ్‌లలో (స్పీకర్ విద్యుత్తుకు చూపే నిరోధానికి కొలత) ఏది రాసి ఉందో, క్యాబినెట్ కూడా అదే ఉండాలి. స్పీకర్ కలపకుండా వాల్వు ఆంప్‌ను ఎన్నడూ మోగించకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు, చిన్న ఆంప్‌లో అంతకన్నా ఖరీదైన మరమ్మతు అరుదు.

"వాల్వు" అన్న మాట పెట్టె మీద కనబడగానే నమ్మవద్దు. కొన్నింటిలో ముందు దశలో ఒక్క 12ఏఎక్స్7 మాత్రమే ఉండి, స్పీకర్‌ను నడిపేది ట్రాన్సిస్టర్లే అయి ఉంటాయి. ఆరెంజ్ మైక్రో టెర్రర్ అలాంటిదే. అది చెడ్డదని కాదు, చిన్నది, తేలిక, చాలామందికి అదే చాలు; కాని నువ్వు కోరుకున్నది ఏదో తెలిసి కొనాలి.

పాతది కొనే పక్షంలో నీ గిటార్‌ను నువ్వే వెంట తీసుకువెళ్లు. అమ్మేవారు ముందే వేడెక్కించి ఉంచితే, ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ మొదటి నుంచి వెయ్యమని అడుగు. తీగలు మీటకుండా వాల్యూమ్ పెంచి హమ్, అంటే గుయ్యిమనే రొద, విను. చివరి దశలో ఒకే వాల్వు ఉన్న ఆంప్‌లలో కొద్దిపాటి హమ్ సహజం, కాని మాట్లాడుకునే గొంతును మించి వినబడితే లోపల విద్యుత్తును నిలకడ చేసే ఫిల్టర్ కెపాసిటర్లు అలసిపోయి ఉండవచ్చు. పెన్సిల్ చెక్క కొసతో ఒక్కొక్క వాల్వును అతి సుతారంగా తట్టి చూడు. స్పీకర్‌లో చిన్నగా టిక్కుమంటే ఫరవాలేదు, గంట కొట్టినట్టు మోగి కూతపెడితే ఆ వాల్వు మార్చాలి. వాల్వు లోపల ఫిలమెంటు నారింజ రంగులో వెలగడం మామూలే. దాని చుట్టూ ఉన్న లోహపు పలక ఎర్రగా కాలుతుంటే మాత్రం వెంటనే ఆపించి, ఆ ఆంప్‌ను అక్కడే వదిలి రా. ప్లగ్గుకు ఎర్త్ పిన్ను విరిచి ఉన్నా అంతే. పరదేశం నుంచి వచ్చినదైతే వెనక పలక మీద 120 వోల్టులా, 230 వోల్టులా అన్నది చదవకుండా ప్లగ్గు పెట్టకు.

ఎంత కుతూహలంగా ఉన్నా వెనక మూత విప్పి ఛాసిస్‌లో (విడిభాగాలు బిగించిన లోహపు చట్రంలో) చేయి పెట్టవద్దు. వందల వోల్టులు అక్కడ నడుస్తాయి, ప్లగ్గు తీసేసిన తరువాత కూడా కెపాసిటర్లు ఆ విద్యుత్తును పట్టి ఉంచుకోగలవు. ఈ ఒక్క విషయంలో నీ మీద నాకున్న నమ్మకాన్ని కూడా పక్కన పెట్టి, నిన్ను ఆజ్ఞాపిస్తున్నాను.

పరీక్షించేటప్పుడు దుకాణంలో అందరూ చేసినట్టు నాబ్ చివరిదాకా తిప్పి చూడవద్దు. నువ్వు ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి వాయించే మోతాదులో, పక్కనున్న మనిషి మాట నీకు వినబడేంత మెల్లగా పెట్టి, పావుగంట సేపు నీకు బాగా వచ్చిన పాఠాన్నే వాయించు. గిటార్ మీది వాల్యూమ్ కొంచెం తగ్గించినప్పుడు స్వరం శుభ్రపడుతోందా, తీగను గట్టిగా మీటినప్పుడు గరుకుదనం వస్తోందా అన్నది గమనించు. ఆ స్పందన అంత తక్కువ శబ్దంలో కూడా నీ వేళ్లకు తెలుస్తుంటే ఇక బేరం మొదలుపెట్టవచ్చు.

నీకు నచ్చినవి రెండు మూడు తేలాక, వాటి వెనక పలకల ఫోటోలు స్పష్టంగా తీసి పంపు. వోల్టులు, ఓమ్‌లు, వాల్వుల పేర్లు చూసి, ఏదైనా తేడా ఉంటే డబ్బు ఇవ్వకముందే చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య