చివరి ఫారం లేని నవల

ప్రశ్న: డిటెక్టివ్ సీరీస్ నవలల్లో అంత మజా ఏముంది? హంతకుడెవరో తెలిసిపోయాక కూడా కొందరు వాటినే మళ్ళీ మళ్ళీ చదువుతారెందుకు?

హంతకుడి కోసమే చదివేవాళ్ళయితే మళ్ళీ చదవరు. నేను చదివినవాటిలో సగానికి సగం హంతకులు నాకు గుర్తు లేరు. డిటెక్టివ్ కుర్చీలో ఎట్లా కూర్చుంటాడు, అసిస్టెంటును ఏమని పిలుస్తాడు, ఇన్‌స్పెక్టరును ఎట్లా ఆటపట్టిస్తాడు, ఇవి మాత్రం గుర్తున్నాయి. ఒక్క ముక్కలో జవాబంటే అదే. కానీ ఈ సంగతి నాకు తలకెక్కిన తీరు వేరు, దానికి కొంచెం వెనక్కి పోవాలి.

మాది అనంతపురం. 1991 ఎండాకాలం సెలవులు, నేను ఏడో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నా. గడియారస్తంభం దాటినాక ఒక సందులో బాడిగ పుస్తకాల అంగడి ఉండేది. అంగడంటే రెండు చెక్క బీరువాలు, ఒక స్టూలు, దాని మీద అంగడాయన, అంతే. పది రూపాయలు అడ్వాన్సు కట్టుకునేవాడు, రోజుకు అర్ధరూపాయి బాడిగ. కొత్త నవల రాగానే బొమ్మ అట్ట పీకేసి ముతక అట్ట అంటించి, పురికొసతో కుట్టి, దాని మీద నంబరు వేసేవాడు. అందుకే మాకు నవలలకు పేర్లుండేవి కావు, నంబర్లుండేవి. "నాలుగొందల పన్నెండు వచ్చిందా అన్నా" అని అడిగేవాళ్ళం. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్ నవలలయితే బీరువాలో కనబడేవే కావు, ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లో ఉండేవి. మధుబాబు రాసిన షాడో నవలల కోసం కాలేజీ పిల్లోళ్ళు పొద్దున్నే వచ్చి కాచుకునేవాళ్ళు. ఆ రెండూ దొరకనివాడికి మిగిలింది నాకు దొరికేది.

అట్లా దొరికిందే ఒక నవల. మొదటి పేజీ లేదు, కాబట్టి పేరూ తెలియదు, రాసినాయన ఎవరో తెలియదు. చివర చూస్తే డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి గొంతు సవరించుకుంటాడు, అంతటితో పుస్తకం ఐపోయింది. చివరి ఫారం, అంటే పదహారు పేజీలు, ఊడిపోయింది. వెనక్కిచ్చి కొట్లాడితే అంగడాయన తాపీగా అన్నాడు: "నాకూ అట్లనే వచ్చింది నాయనా. కావాలంటే సగం బాడిగకు పెట్టుకో." పావలా అని తీసుకుపోయా.

ఆ రాత్రి మిద్దె మీద చాపలు పరుచుకుని అక్క, నేను, సెలవు మీద వచ్చిన మా మేనమామ. మధ్యలో ఒక పళ్ళెం బొరుగులు, ఎర్రగడ్డలు, వేయించిన చెనిక్కాయలు. అక్క అప్పటికి ఇంటర్ చదువుతోంది. కథ ఏమిటంటే, డబ్బున్న ముసలాయన పడకగదిలో చచ్చిపడి ఉంటాడు, పక్కన మజ్జిగ గ్లాసు, అందులో విషం. ఇంట్లో ఉన్నది ముగ్గురు: అన్న కొడుకు, డాక్టరు, వంటామె. తొమ్మిది గంటలకు తాను హాల్లో రేడియోలో వార్తలు వింటున్నానని అన్న కొడుకు చెప్తాడు. అదే టైముకు కరెంటు పోతే లాంతరు పెట్టి వడ్డించానని వంటామె చెప్తుంది, ఆ మాట వచ్చేది వేరే సందర్భంలో, ఎక్కడో ముప్పై పేజీల తర్వాత.

అక్క అక్కడ పట్టుకుంది. "కరెంటు లేకపోతే రేడియో ఎట్లా పాడింది?"

"సెల్లుల రేడియో అయ్యుంటుంది" అన్నా నేను.

అక్క ఏమీ మాట్లాడకుండా టార్చి వేసి పేజీలు వెనక్కి తిప్పింది. డిటెక్టివ్ మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు హాల్లో ఏమేమున్నాయో రాశారు. సోఫా, గోడ గడియారం, జింక తల, గోడ ప్లగ్గుకు వైరు వేలాడుతున్న పెద్ద రేడియో. ఆ వాక్యం నేను అప్పటికే రెండుసార్లు చదివా. రెండుసార్లూ నాకది గది వర్ణన. అక్కకు మాత్రం సాక్ష్యం. ఒంటి మీద రోమాలు లేచి నిలబడ్డాయి. అన్న కొడుకే హంతకుడని ముగ్గురం తీర్మానం చేసి పడుకున్నాం. అన్న కొడుకును పట్టుకోవడం కన్నా, అది నా కళ్ళ ముందే ఉండి నాకు కనబడకపోవడమే ఎక్కువ సంతోషంగా అనిపించింది. దాన్ని సంతోషం అనొచ్చా అంటే, అనొచ్చు. గారడీవాడి చేతిలో మోసపోవడానికి పైసలిచ్చి మరీ నిలబడతాం కదా.

మరుసటి రోజు పొద్దున పాలకు పోతూ అక్క అడిగింది, "గడియారస్తంభానికి ఎన్ని పలకలు రా?" నాలుగన్నా. రోజూ దాని కింద నుంచే బడికి పోతా. ఎనిమిది. పదిహేను అడుగుల వెడల్పు, ఎనిమిది పలకలు, నలభై ఏడు అడుగుల ఎత్తు, అంటే స్వాతంత్ర్యం వచ్చిన తేదీనే కట్టడంలో పెట్టారని మా ఊళ్ళో చెప్పుకుంటారు. వెడల్పూ ఎత్తూ నేను కొలవలేదు, పలకలు మాత్రం ఆరోజు చుట్టూ తిరిగి లెక్కపెట్టా. చాలా ఏళ్ళకు షెర్లాక్ హోమ్స్ చదువుతుంటే, 1891లో వచ్చిన కథలో అచ్చం ఇదే కనబడింది. తన గదికి ఎక్కే మెట్లెన్ని అని హోమ్స్ అడుగుతాడు. వందలసార్లు ఎక్కిన స్నేహితుడు వాట్సన్‌కు తెలియదు. పదిహేడు. చదివి అక్కకు ఫోన్ చేశా.

ఇప్పుడు సీరీస్ సంగతికి వస్తా, మీరు అడిగింది అదే కాబట్టి. విడి నవలలో ఎవరు బతుకుతారో ఎవరు చస్తారో తెలియదు, భయం ఉంటుంది. సీరీస్‌లో డిటెక్టివ్ బతుకుతాడని పుస్తకం తెరవకముందే తెలుసు. అందుకని భయం పక్కన పెట్టి, తీరిగ్గా వాడితోపాటు తిరగొచ్చు. చుట్టాలింటికి పోయినట్టు. ఆ ఇల్లు మారకూడదు, మారితే మనకు కోపం వస్తుంది. ఆర్థర్ కానన్ డాయిల్‌కు హోమ్స్ మీద విసుగొచ్చి, తనకిష్టమైన చారిత్రక నవలలు రాసుకుందామని 1893 డిసెంబరు కథలో స్విట్జర్లాండ్ జలపాతంలో పడేసి చంపేశాడు. పాఠకులు ఆయన్ని పదేళ్ళు సతాయించారు. 1903లో బతికించక తప్పలేదు. మొత్తం లెక్క చూస్తే నాలుగు నవలలు, యాభై ఆరు కథలు. అగాథా క్రిస్టీకీ అంతే, తాను పుట్టించిన డిటెక్టివ్ పోయిరో అంటే ఆమెకు రానురాను మొహం మొత్తింది. అయినా 1920 నుంచి 1975 దాకా మోసింది. ఆయన్ని చంపిన నవల రాబోతోందని తెలిసి న్యూయార్క్ టైమ్స్ 1975 ఆగస్టు 6న మొదటి పేజీలో మరణవార్త వేసింది. కాయితం మీద పుట్టినవాడికి.

అసిస్టెంటు సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ నా లెక్కలో సగం బలం అక్కడుంది. వాట్సన్ కానీ, యుగంధర్ దగ్గర రాజు కానీ, మనకన్నా మరీ తెలివైనవాళ్ళు కాకూడదు, మరీ మొద్దులూ కాకూడదు. మనం అడగడానికి సిగ్గుపడే ప్రశ్న వాళ్ళు అడగాలి. 1993లో దూరదర్శన్‌లో బ్యోమకేశ్ బక్షీ అనే డిటెక్టివ్ సీరియల్ వచ్చినప్పుడు నాకు హిందీ సగమే అర్థమయ్యేది. పక్కింటి మామకు ఉర్దూ వచ్చు, ఆయన చెప్పేవాడు. బ్యోమకేశ్‌ను అతని స్నేహితుడు అజిత్ అడగ్గానే, సరిగ్గా నేనూ ఆ మామను అదే అడుగుతున్నానని తెలిసి ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. శరదిందు బంద్యోపాధ్యాయ్ 1932లో మొదలుపెట్టిన ఆ బ్యోమకేశ్ పాత్రకు డిటెక్టివ్ అన్న మాటే నచ్చదు, సత్యాన్వేషి అని చెప్పుకుంటాడు. పెళ్ళి చేసుకుంటాడు, కొడుకు పుడతాడు. హోమ్స్‌కు లేని సంసారం ఇతనికుంది. మనవాడు అనిపించడానికి అంతకన్నా ఏం కావాలి.

మా మేనమామ గురించి చెప్పకుండా ముగించలేను. ఆయన హెడ్ కానిస్టేబులు, జిల్లాలోనే ఒక స్టేషన్లో రైటరుగా, అంటే కేసుల రాతకోతలు చూస్తూ, చాన్నాళ్ళు చేశాడు. ఈ నవలలంటే చిరాకు. "హాల్లో అందరినీ కూర్చోబెట్టి ఒప్పించినాడు, సరే. దాన్ని తీసుకుని కోర్టుకు పో, జడ్జి నవ్వుతాడు" అనేవాడు. 1872 నాటి సాక్ష్య చట్టం ఆయనకు నోటికి వచ్చు. పోలీసు ముందు ఒప్పుకున్న మాట 25వ సెక్షన్ ప్రకారం చెల్లదు. ముద్దాయి చెప్పినదాన్ని బట్టి కత్తి దొరికితే, ఆ దొరికినంతవరకూ 27వ సెక్షన్ కింద పనికొస్తుంది. "వాడు ఏడ్చి ఒప్పుకోవడం కాదు అల్లుడా, బాయిలో నుంచి కత్తి బయటికి రావాల" అనేవాడు. 2024 జులై నుంచి కొత్త చట్టం వచ్చాక ఈ రెండూ 23వ సెక్షన్లో కలిశాయి. ఫోన్లో చెప్తే, "నంబరు మారింది, బాయి మారలేదు" అన్నాడు.

మా వైపు ఇంకో తిరకాసుంది. నా చిన్నప్పుడు పల్లెల్లో ఖూనీ జరిగితే ఎవరు చేశారన్నది ప్రశ్నే కాదు. శవాన్ని లేపకముందే ఊరంతటికీ తెలుసు. కష్టమంతా ఆ తెలిసిందాన్ని ఎవరి నోటి నుంచైనా చెప్పించడంలో ఉండేది. పంచనామాకు సంతకం పెట్టేవాణ్ణి వెతికి తెచ్చేసరికే పొద్దుగూకేదట. కేసు విచారణకు వచ్చేలోపు సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చేవాళ్ళట. సీమ అంటే ఇదొక్కటే అనుకునేవాళ్ళ మీద నాకు మంట, మా ఊళ్ళో నేను కళ్ళారా చూసింది చెనిక్కాయల ధరల గొడవలే ఎక్కువ. అయినా మామ జీతం తిన్నది ఆ పంచనామాల మీదనే.

రిటైరైన తర్వాత ఒకరోజు ఇంటికి పోతే, కళ్ళద్దాలు పెట్టుకుని డిటెక్టివ్ నవల చదువుతున్నాడు. నాకు ఆశ్చర్యం. "ఏం మామా, సెక్షన్లన్నీ తప్పు కదా" అన్నా. పుస్తకం మూయకుండానే చెప్పాడు: "ఇందులో అడిగినవాళ్ళంతా జవాబు చెప్తారు అల్లుడా. అబద్ధమైనా సరే, చెప్తారు."

నాకు ఇంకేం అడగాలో తోచలేదు. లేచిపోయి నీళ్ళు తాగొచ్చా.

ఇక ఆ తెగిన నవల. 2011లో పని మీద హైదరాబాదు పోయి, ఆదివారం కాబట్టి ఆబిడ్స్‌లో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేస్తున్నా. ఒక నవల మధ్యలో తెరిస్తే మజ్జిగ గ్లాసు. ఇంకో పేజీ తిప్పితే జింక తల, గోడ ప్లగ్గు, రేడియో. చేతులు వణికాయంటే నమ్మండి. మొదటి పేజీ ఉంది, చివరి ఫారం ఉంది. ముప్పై రూపాయలు చెప్తే బేరమాడలేదు. అక్కడే ఫుట్‌పాత్ మీద నిలబడి ముగింపు చదివా.

హంతకుడు అన్న కొడుకు కాదు. డాక్టరూ కాదు, వంటామె కూడా కాదు. చచ్చిన ముసలాయనకు అచ్చం ఆయనలాగే ఉండే కవల తమ్ముడు బొంబాయిలో ఉన్నాడట, పుస్తకంలో అంతవరకూ వాడి ఊసే లేదు. ముగింపులో రేడియో ప్రస్తావన ఎక్కడా లేదు. కరెంటు పోయిన సంగతి రాసినాయనే మర్చిపోయినట్టున్నాడు. అంటే ఆ వాక్యం నిజంగా గది వర్ణనే, ఏడో తరగతిలో నేను చదివిందే కరెక్టు. రొనాల్డ్ నాక్స్ అనే ఆయన 1929లోనే డిటెక్టివ్ కథకు పది నియమాలు రాసిపెట్టాడు. హంతకుడు కథ మొదట్లోనే కనబడాలి, ముందుగా సిద్ధం చేయకుండా కవలల్ని దింపకూడదు. మనాయన ఒక్క దెబ్బకు రెండూ కొట్టాడు. రాసినాయన పేరు ఇప్పుడు తెలుసు, చెప్పను. నెలకో నవల రాసి సంసారం ఈదిన మనిషి మీద నాకేం కోపం లేదు. అదే సీరీస్‌లో ఇంకో మూడు అక్కడే దొరికితే అవీ కొనుక్కున్నా. ముగింపు ఎట్లుంటుందో తెలిసీ కొన్నా. ఆ డిటెక్టివ్ ఇప్పటికీ అట్లనే గొంతు సవరించుకుంటాడు.

ఆ నవలను అక్కకిచ్చా. ఇప్పుడామె ధర్మవరంలో ఉంటుంది, బళ్ళో టీచరు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మంచం మీద పడుకుని చివరిదాకా చదివింది. ఏమంటుందో అని నేను ఎదురుగా కూర్చున్నా. ఏమీ అనలేదు. లేచి కుట్టుమిషను సొరుగులో నుంచి కత్తెర తీసింది. చివరి పదహారు పేజీలు నీటుగా కత్తిరించి, పుస్తకం నా చేతికిచ్చి, ఆ కాయితాలు బొరుగులకు పొట్లం కట్టుకుంది.