తాళం వేయకండి, నోటీసు పంపండి

ప్రశ్న: హైదరాబాద్‌లో మా ఇంటి పై పోర్షన్‌ను నెలకు 12 వేలకు అద్దెకిచ్చాం. 11 నెలల అగ్రిమెంటు ముగిసి రెండేళ్లయింది, మళ్లీ రాసుకోలేదు. మూడు నెలలుగా అద్దె ఇవ్వడం లేదు. ఆ పోర్షన్ ఇప్పుడు మా అబ్బాయికి కావాలి. కరెంటు, నీళ్లు ఆపి తాళం వేస్తే వాళ్లే పోతారని బంధువులు అంటున్నారు. అగ్రిమెంటు లేదు కదా, ఇల్లు చేజారిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు

జవాబు: ఆ టెన్షన్ వదిలేయండమ్మా. మీరు అద్దెకిస్తే వచ్చినవాళ్లు, పన్నెండేళ్లు దాటినా ఇల్లు తమదనలేరు. గడువు తర్వాత కూడా మీరు అద్దె తీసుకున్నారు కాబట్టి అది నెలనెలా సాగే అద్దె అవుతుంది.

బంధువుల మాట మాత్రం దయచేసి వినకండి. బాకీ పడ్డవాళ్లనైనా కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. బలవంతంగా బయటికి పంపితే, ఆరు నెలల్లోపు వాళ్లు దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు. అప్పుడు అద్దె బాకీ మాట వెనక్కిపోయి, మీరే కోర్టులో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు వర్తించదు. అందుకే మీరు రెంట్ కంట్రోలర్ (ఆ చట్టం కింద కేసులు వినే అధికారి) దగ్గరికి వెళ్లక్కర్లేదు, అబ్బాయి అవసరాన్ని రుజువు చేయక్కర్లేదు. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు. నోటీసు అందిన రోజు నుంచి గడువు లెక్క. రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. గడువు దాటినా కదలకపోతే ఖాళీ చేయించడానికి, బాకీకి, ఆపైన ఉన్న రోజులకు నష్టపరిహారానికి కలిపి సివిల్ కోర్టులో దావా వేయవచ్చు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. పాత బాకీ తీసుకోవచ్చు. కానీ నోటీసు గడువు ముగిశాక వచ్చే డబ్బును అద్దె అని తీసుకుంటే, నోటీసు వదులుకున్నారని వాళ్లు వాదిస్తారు. వాడకానికి నష్టపరిహారంగానే తీసుకుంటున్నామని రసీదులో రాయండి.

నోటీసుకు ముందు ఒకసారి పైకెళ్లి నెమ్మదిగా మాట్లాడండి. ఉద్యోగం పోయిందేమో, పిల్లల పరీక్షలున్నాయేమో. రెండు నెలల గడువు అడిగితే ఇవ్వండి, కోర్టులో అంతకన్నా చాలా ఎక్కువే పడుతుంది. ఖాళీ చేసే తేదీ, కట్టాల్సిన బాకీ, అడ్వాన్సులో తగ్గించే మొత్తం కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి.